ఆ పేరు కిన్నెర పలికింది

షార్ట్ ఫిలిం తీస్తున్న కుర్రాళ్లు ఎవరైనా మీకు తెలిస్తే, 'ఎంతవరకు వచ్చింది?' అని అడిగి చూడండి. కథ అయిపోయిందంటారు. కెమెరా దొరికిందంటారు. ఫలానా ఊళ్లో ఒక పాత ఇల్లు చూశాం, సజ్జా మీద పావురాలు కూడా ఉన్నాయని సంబరంగా చెబుతారు. 'మరి సంగీతం?' అంటే మాత్రం 'అదెంత, చివర్లో వేసేద్దాం' అంటారు. పెళ్లిలో అన్నీ అయ్యాక తాంబూలం సంచీ చేతిలో పెట్టినట్టు!

మా నలుగురు మిత్రుల బృందం ఒక చిన్న సినిమా తీయాలనుకుంది. నిడివి 18 నిమిషాలు. మాటలు బాగా తక్కువ. ఒక తల్లి, ఒక గడప, బొంబాయి పనికి పోయిన ఒక కొడుకు. కథంతా అంతే. మాటలు తక్కువ కాబట్టి వినిపించేదేదో ముందే తేల్చుకోవాలని పట్టుబట్టాను. అలా షూటింగ్‌కు ముందు ఓ చిన్న రికార్డరు జేబులో వేసుకుని నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో తిరిగాను. 2016లో జిల్లాలు విడిపోయి ఇప్పుడు ఆ రెండింటి పేర్లూ ఎన్నో ముక్కలయ్యాయి. సూర్యాపేట, యాదాద్రి, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల, 2019లో నారాయణపేట. పాటలు మాత్రం పాత సరిహద్దుల్ని కూడా లెక్కచేసినట్టు కనిపించలేదు.

వలస ఇంటి చప్పుడు

మా కథ ఎక్కడిదో చెప్పాలి. 'పాలమూరు లేబర్' అన్న మాట దేశమంతా తెలుసు. ఆనకట్ట కట్టాలన్నా, కాలువ తవ్వాలన్నా, మేడ లేపాలన్నా గుంపు మేస్త్రీ వచ్చి ఊళ్లో అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆలుమగలు, ఒక్కోసారి చంటిపిల్లలతో సహా లారీ ఎక్కేవారు. ముసలివాళ్లు, బడి పిల్లలు ఊళ్లో మిగిలేవారు. ఇటు నల్లగొండ జిల్లాలో దేవరకొండ, చందంపేట వైపు పల్లెలదీ తండాలదీ ఇంచుమించు అదే కథ. ఇవాళ కల్వకుర్తి ఎత్తిపోతల కాలువల కింద కొన్ని ఊళ్లు పచ్చబడ్డాయి. మెట్ట మీద చెలకలున్న ఊళ్లలో మాత్రం తాళం వేసిన తలుపులు ఇంకా కనిపిస్తాయి.

అటువంటి ఇంటి లోపల ఏ చప్పుడు ఉంటుంది? మా బృందంలో సంగీతం చూసే మిత్రుడు కీబోర్డు మీద ఒక బాణీ కట్టాడు. చక్కగానే ఉంది. వయొలిన్ల జాలి ఉంది, వేణువు ఉంది. అది ఏ ఊరి తల్లికైనా సరిపోతుంది. మాకు కావలసింది ఈ ఊరి తల్లి.

సంగీతం కథకు ఎంత పని చేయగలదో చెప్పడానికి 1955లో వచ్చిన సత్యజిత్ రే 'పథేర్ పాంచాలి'కి మించిన ఉదాహరణ నాకు తెలియదు. ఆ సినిమాకు పండిట్ రవిశంకర్ ఒక్క రాత్రి కూర్చుని సంగీతం ఇచ్చారు. కూతురు దుర్గ పోయిన సంగతి తండ్రికి తెలిసే ఘట్టం గుర్తుందా? తల్లి నోరు తెరిచి ఏడుస్తుంది. ఆమె గొంతు మనకు వినిపించదు. ఆ ఏడుపు చోట తార్‌షెహనాయి అనే తీగవాద్యం మోగుతుంది. మనిషి గొంతు వినిపించి ఉంటే మన గుండె అంతగా తరుక్కుపోయేది కాదేమో. ఈ సంగతి ఇక్కడెందుకు చెప్పానో ముందుకు వెళితే మీకే తెలుస్తుంది.

పాటకు పుట్టిల్లు

నల్లగొండకు పాట కొత్త కాదు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ కన్నా ముందు ఊళ్లోకి వచ్చింది పాటే. సుద్దాల గ్రామానికి చెందిన హనుమంతు సంఘం పాటల కోసం కొత్త బాణీలు వెతుక్కోలేదు. గొల్లసుద్దులు, బుర్రకథలాంటి, జనం అప్పటికే వింటున్న రూపాల్లోనే కొత్త మాటలు పెట్టారు. ఊరివాళ్ల చెవి ఎరిగిన బాణీ కాబట్టి నాలుక మీదికి వెంటనే ఎక్కింది. పశువులు కాసే పిల్లవాడి మీద ఆయన రాసిన పాట 'మా భూమి' సినిమాలోకి వచ్చి ఇల్లిల్లూ తిరిగింది. ఆ పోరాటంలోనే పాటగాడిగా నిలిచిన బండి యాదగిరిదీ నల్లగొండ జిల్లాయే. 1980లో విడుదలైన 'మా భూమి'కి గౌతమ్ ఘోష్ దర్శకుడు, బి.నర్సింగరావు నిర్మాతల్లో ఒకరు. యాదగిరి పాటను తెర మీద గద్దర్ పాడారు. స్టూడియోలో పుట్టిన పాటలు కావవి. కథ నడిచిన నేల మీదే, ఆ కథ నడిచిన రోజుల్లోనే పుట్టినవి. అందుకే ఇన్నేళ్లయినా వాటిని దృశ్యం నుంచి విడదీయలేం.

పాలమూరు వైపు కూడా ఈ సంపద తక్కువేం కాదు. తెల్కపల్లి మండలం గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న తన ఊరి వాగూ వంకా చెట్టూ పిట్టా అన్నిటినీ పాటలోకి తెచ్చారు. 'వల్లంకి తాళం' కవిత్వానికి 2021 సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. పాడుకునే మాటకు దక్కిన గౌరవంగా దాన్ని చాలామంది చూశారు.

వీటన్నిటినీ తలుచుకుంటూ ముందుగా జాతరల దారి పట్టాను. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. గొల్లగట్టు మీద భేరీలు మోగుతుంటే, గజ్జెలు కట్టిన యాదవులు 'ఓ లింగా' అంటూ గుట్ట ఎక్కుతుంటే, ఆ శబ్దం చెవితో కాదు, కడుపుతో వింటాం. దేవరకొండ తండాల్లో తీజ్ రోజుల్లో లంబాడా ఆడపిల్లలు గోధుమ మొలకల బుట్టల చుట్టూ పాడటం విన్నాను. పెళ్లికూతురు అత్తారింటికి వెళ్లేముందు ఏడుస్తూ పాడే 'ఢావ్లో' గురించి ఒక పెద్దామె చెప్పింది. పాడమంటే 'పెండ్లి లేకుండ అది పాడొద్దు' అని తలూపింది. నిజమే. కొన్ని పాటలకు వేళ ఉంటుంది. వేళగాని వేళ అడగడానికి మనమెవరం?

రికార్డరులో సరుకు చాలా చేరింది. రాత్రిళ్లు లాడ్జిలో కూర్చుని వింటే అన్నీ గొప్పగానే ఉన్నాయి. కానీ జాతర పాట వేలమందిది, తీజ్ పాట తండా మొత్తానిది. మా కథలో ఉన్నది ఒంటరి మనిషి. ఒక్కతే ఉన్నప్పుడు మనిషి పాడుకునే పాట ఏది?

ఇసుర్రాయి లెక్క

దేవరకొండ దాటాక ఒక పల్లె. పేరు చెప్పను, ఎందుకో తర్వాత మీకే అర్థమవుతుంది. మేం ఇల్లు చూడటానికి వెళ్లాం. పాత మట్టిగోడలు, దూలాలు, ముందు అరుగు. పక్కింటి నుంచి గరగరమని చప్పుడు, దానితో కలిసి ఓ సన్నని గొంతు. తొంగిచూస్తే డెబ్బై దాటిన అవ్వ ఇసుర్రాయి ముందు కాలు చాపుకుని కందులు విసురుతోంది.

జొన్నపిండికి ఇప్పుడు అందరూ గిర్నీకే పోతారు. కందులు పప్పు చేసుకోవడానికి మాత్రం ఈ ప్రాంతంలో ఇంకా కొన్ని ఇళ్లల్లో ఇసుర్రాయి తిరుగుతూనే ఉంది. కందులు నానబెట్టి, ఎండబెట్టి, విసిరి, చెరిగి.. అదో పెద్ద పని. గంటల తరబడి చెయ్యి తిప్పాలంటే పాట తోడుండాలి. ఒకప్పుడు తెల్లవారుజామున ప్రతి ఇంట్లోనూ ఈ పాట ఉండేది. పాడే ఆమెకు పని తేలికయ్యేది, పడుకున్న పిల్లలకు అది జోలపాటయ్యేది.

"అవ్వా, రికార్డు చేసుకోవచ్చా?" అని అడిగాను.

"దీన్ల ఏమున్నది బిడ్డా? పప్పు ఇసురుతున్న. చేసుకో" అంది.

నలభై నిమిషాలు కూర్చున్నాం. వింటున్న కొద్దీ ఆ పాట కట్టుబడి బోధపడింది. రాయి ఒక చుట్టు తిరగడానికి రెండు సెకన్లకు కాస్త తక్కువ. నాలుగు చుట్లకు ఒక చరణం. ప్రతి చరణం చివర కుడిచెయ్యి పిడిని వదిలి గుప్పెడు కందులు తీసి రాయి కంట్లో పోస్తుంది. అప్పుడు రాయి ఆగుతుంది. పాట మాత్రం ఆగదు! చివరి అక్షరం అలా సాగుతూనే ఉంటుంది. గింజలు పడ్డాక, చెయ్యి మళ్లీ పిడి అందుకున్నాక అక్కడి నుంచి తర్వాతి చరణం ఎత్తుకుంటుంది. ఎవరు నేర్పారు ఈ తాళం? ఆది తాళమూ కాదు, రూపకమూ కాదు. గుప్పెడు కందుల తాళం! చెయ్యి ఎంతసేపు ఆగితే స్వరం అంతసేపు నిలుస్తుంది. పని మారితే పాట కూడా మారిపోతుంది. నాటు పాటలో వంగిన నడుం ఊపిరి వినిపిస్తుంది, బతుకమ్మ పాటలో చప్పట్ల మధ్య అడుగు వినిపిస్తుంది. మోట పాటలో ఎద్దు వెనక్కు నడిచే దూరం ఉండేదని పెద్దలు చెబుతారు.

ఆ పాటలో ప్రతి చరణం చివర ఒక పిలుపు వస్తోంది. మామూలుగా అయితే ఆ చోట దేవుడి పేరో, అమ్మవారి పేరో ఉంటుంది. అవ్వ నోట మాత్రం ఒక మగపిల్లవాడి పేరు. కందులు పోసేటప్పుడు సాగేది ఆ పేరు కొసే.

"ఎవరవ్వా అది?"

"నా చిన్న కొడుకు."

బొంబాయిలో మేడ కట్టే పనిలో ఉండేవాడట. పైనుంచి పడ్డాడు. కబురు మొదలొచ్చింది, రెండు రోజులకు మనిషి వచ్చాడు, పలకని మనిషి. జరిగి పదకొండేళ్లయింది. ఈ సంగతి చెబుతున్నప్పుడు ఆమె చెయ్యి ఆగలేదు. ఆ ఇంట్లో ఇసుర్రాయి తిరిగిన రోజున మాత్రమే ఆ పేరు వినిపిస్తుందని పక్కింటావిడ తర్వాత చెప్పింది. మిగతా రోజుల్లో అవ్వ ఆ ఊసే ఎత్తదు.

మా మిత్రుడు నా వైపు చూశాడు. వెతుకుతున్న పాట దొరికిందని ఇద్దరికీ తెలుసు. మా కథలో తల్లి ఎదురుచూసే కొడుక్కూ ఈ పేరుకూ పెద్ద దూరం లేదని కూడా తెలుసు. కానీ ఇది కథ కాదు, ఆమె కడుపుకోత. సినిమాకు వాడుకోవడానికి ఎలా అడగాలి? అయినా దాచిపెట్టి చేసే పని కాదు కాబట్టి సినిమా సంగతి, కథ సంగతి, ఈ పాట ఎక్కడ వస్తుందో ఆ సంగతి అంతా విడమరిచి చెప్పాను.

అవ్వ చాలాసేపు చేటలో పప్పు చెరిగింది. తర్వాత అంది:

"పాట అందరిది బిడ్డా. నాకు మా అత్త చెప్పింది, ఆమెకు ఎవరు చెప్పిన్రో! తీస్కపో. పేరు నాది గద. పేరు మాత్రం ఇయ్య."

నేను ఎన్నో సంగీత గోష్ఠుల్లో, హక్కుల మీద చర్చల్లో కూర్చున్నాను. ఏది అందరిది, ఏది ఒక్కరిది అన్న గీతను ఇంత సూటిగా గీసినవాళ్లు నాకు తగల్లేదు.

ఖాళీ చోట ఏముండాలి?

పేరు తీసేయడం సాంకేతికంగా పెద్ద పని కాదు. అదే రోజు అవ్వ చేత పాట లేకుండా రెండు నిమిషాలు రాయి తిప్పించి ఆ చప్పుడు విడిగా రికార్డు చేశాం. తర్వాత ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఆ గది మౌనం కూడా రికార్డు చేశాం. ఏ గదికి ఆ గది మౌనం వేరు. పేరు ఉన్న చోట కత్తిరించి, ఈ చప్పుడు పరిస్తే అతుకు తెలియదు. అదంతా కంప్యూటరు ముందు గంట పని.

పని అయ్యాక విన్నాం. చరణం వస్తోంది, రాయి ఆగుతోంది, గింజలు పడుతున్నాయి. పిలుపు లేదు. మెట్లు దిగుతుంటే ఆఖరి మెట్టు లేనట్టుంది. ఏ దేవుడి పేరైనా పెడదామా అన్నాడొకడు. వేరే గొంతుతో వేరే పేరు పాడిద్దామా అన్నాడింకొకడు. రెండూ పొసగలేదు. అప్పుడు గుర్తొచ్చింది 'పథేర్ పాంచాలి'లో తల్లి ఏడుపు. గొంతు మాట్లాడకూడని చోట తీగ మాట్లాడింది కదా! మరి ఈ నేలలో ఏ తీగ మాట్లాడుతుంది?

జవాబు డిండి వాగు అవతల ఉంది. కిన్నెర!

దేవరకొండ నుంచి డిండి మీదుగా శ్రీశైలం రోడ్డు ఎక్కితే అచ్చంపేట, లింగాల వైపు వెళ్లొచ్చు. ఆ లింగాల మండలం అవుసలికుంటకు చెందినవారే దర్శనం మొగులయ్య. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2021లో 'భీమ్లా నాయక్' పాట మొదట్లో ఆయన గొంతు వినిపించాకే మన పిల్లల్లో చాలామందికి కిన్నెర అనేది ఒకటుందని తెలిసింది. నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ ప్రకటించారు. ఒకే పాత జిల్లా నుంచి, సొరకాయ బుర్రతో చేసే రెండు వాద్యాలకు రెండేళ్ల తేడాలో పద్మశ్రీలు! సంతోషమే. కానీ ఆ వాద్యాలు వాయించే చేతులు ఎన్ని మిగిలాయో ఆలోచిస్తే దిగులు కూడా కలుగుతుంది.

కిన్నెర ప్రధానంగా డక్కలివారి వాద్యం. మాదిగ ఇళ్లకు వెళ్లి జాంబ పురాణం చెప్పి, వాళ్లిచ్చింది పుచ్చుకుని బతికిన కులం వారిది. వెదురు కర్రకు కింద ఎండిన సొరకాయ బుర్రలు, పైన మైనంతో అతికించిన మెట్లు. ఒకప్పుడు మెట్లకు అలుగు పొలుసులు వాడేవారట. ఇప్పుడు అలుగును పట్టడం చట్టరీత్యా నేరం కాబట్టి వేరే వస్తువులు వాడుతున్నారు. కొన్ని కిన్నెరల కొసన చెక్కపిట్ట ఉంటుంది, వాయిస్తుంటే తలాడిస్తుంది. ఉన్నవాళ్లను కొట్టి లేనివాళ్లకు పంచాడని పాలమూరు జనం చెప్పుకునే పండుగ సాయన్న కథ, మియాసాబు కథ ఈ తీగల మీదే ఊళ్లు తిరిగాయి. కిన్నెర వాయించే మనిషి ఒక మాట పాడతాడు, తీగ ఆ మాటనే తిరిగి అంటుంది. అమ్మ మాటను పిల్లవాడు వల్లించినట్టు! అందుకే కిన్నెర మోగుతుంది అనరు ఆ వైపు, పలుకుతుంది అంటారు.

చెవిలో చెప్పిన మాట

వాకబు చేస్తే ఒక పెద్దాయన దొరికాడు. పద్మశ్రీల ఊసు ఆయన దాకా రాలేదు. కిన్నెర ఇంటి చూరుకు గుడ్డలో చుట్టి వేలాడుతోంది. దించి, దుమ్ము దులిపి, తీగ సరిచేయడానికే గంట పట్టింది. అవ్వ పాట వినిపించాం, పేరు తీసేసిన పాట. కళ్లు మూసుకుని రెండుసార్లు విన్నాడు.

"ఈడ ఏం కావాలె సారూ?"

"పిలుపు కావాలి పెద్దయ్యా. కొడుకును పిలిచే పిలుపు."

"మరి పేరేంది?"

చెప్పకూడదన్నాను. ఆయన నవ్వాడు. "పేరు తెల్వకుంటే తీగ ఏమని పిలవాలె?"

న్యాయమైన ప్రశ్న. రెండక్షరాల పేరుకు ఒక పిలుపు, మూడక్షరాల పేరుకు ఇంకో పిలుపు. దీర్ఘం మొదట్లో ఉంటే ఒక తీరు, చివర ఉంటే మరో తీరు. ఏదో ఒక జాలి స్వరం వాయించమంటే ఆయన వాయించగలడు. అప్పుడది మా కీబోర్డు బాణీకీ దీనికీ తేడా లేకుండా పోతుంది. అదే మాట ఆయనకు చెప్పి, కిన్నెర మళ్లీ గుడ్డలో చుట్టించి, మర్నాడు డిండి దాటి వెనక్కి వెళ్లాం.

అవ్వకు సంగతంతా చెప్పాను. "పేరు ఎవరికీ వినిపించదు. కిన్నెర మాత్రమే పలుకుతుంది. అది వాయించే ఆయనకు చెవిలో చెప్పాలి. చెప్పమంటావా, వద్దంటావా? వద్దంటే ఇంతటితో వదిలేస్తాం."

ఆమె గడప వైపు చూస్తూ కూర్చుంది. "కిన్నెరాయన మా చిన్నప్పుడు మా దిక్కు కూడ వస్తుండె. కిన్నెర అంటే ఎవరికి తెలుస్తది? నాకు తెలుస్తది. సాలు" అంది. కాసేపాగి, "ఫస్టు నాకు ఇనిపియ్యాలె" అని షరతు పెట్టింది.

పెద్దాయన చెవిలో ఆ పేరు చెప్పాను. ఆయన ఒకసారి పెదవి కదిపి, నోటితో అనకుండా, మెట్ల మీద వేలు పెట్టాడు. నిజం చెబుతున్నాను, తీగ ఆ పేరే పలికింది. తెలిసినవాడికి పేరు, తెలియనివాడికి ఒట్టి స్వరం.

రికార్డింగు తీసుకుని అవ్వ దగ్గరకు వెళ్లాం. చెవులకు హెడ్‌ఫోన్ పెడితే మొదట జడుసుకుంది. తన గొంతు తనకే వినపడేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చరణం చివరకు వచ్చింది. కిన్నెర పలికింది. నవ్వు ఆగింది. మేం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. ఏడవలేదు. "మల్లొకసారి పెట్టు" అంది. రెండోసారి వింటూ చూపుడువేలు గాలిలో కొంచెం ముందుకు కదిపింది.

"గిట్లనే పిలిచేదాన్ని. కొస ఇంకింత గుంజాలె. వాడు చెలకల ఉంటుండె గద, గడప కాడ నిలబడి పిలిస్తే అందాలె."

ఇంతకుముందు విసురుతూ పాడినప్పుడు కొస కందులు పోసేంతసేపే సాగేది. అసలు పిలుపు కొలత వేరే. ఆ గడప నుంచి ఆ చెలక దాకా! మా సంగీతం మిత్రుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజు నుంచి మా సినిమాకు సంగీత దర్శకురాలు ఎవరో మాకు సందేహం లేదు. పెద్దాయన దగ్గరకు మళ్లీ వెళ్లి, కొస గుంజి వాయించమని అడిగితే, "నేను గుడ అట్లనే అనుకున్న సారూ, ఆమె మనసు ఎట్లున్నదో అని ఊకున్న" అన్నాడు.

ఇచ్చిపుచ్చుకోవడం

ఇలాంటి పని చేయాలనుకునే పిల్లలకు ఒక మాట. జానపదం ఎవరి సొత్తూ కాదు కదా అని ఊళ్లోకి వెళ్లి ఫోనులో ఎక్కించుకుని వచ్చేయడం ఇప్పుడు మామూలైపోయింది. పాట కట్టినవారెవరో తెలియకపోవచ్చు. కానీ పాడిన గొంతు ఎవరిదో తెలుసు కదా! 1957 నాటి కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణతో ప్రదర్శకుల హక్కులు విస్పష్టంగా వచ్చాయి. 2012 సవరణ వాటిని ఇంకా గట్టిపరిచింది. పాడినవారికి, వాయించినవారికి ఆ హక్కు 50 ఏళ్లు ఉంటుంది. మేం ఇద్దరికీ తెలుగులో కాగితం రాసి చదివి వినిపించాం. ఏ సినిమాకు, ఎంత డబ్బుకు, ఏ భాగం వాడకూడదు అన్నీ అందులో ఉన్నాయి. అవ్వ కాగితంలో చివరి వాక్యం 'పేరు వాడరాదు' అని. ఆ వాక్యం కింద వేలిముద్ర కాస్త గట్టిగా పడింది. డబ్బు ఇస్తుంటే పెద్దాయన రెండు చేతులా అందుకుని ముందుగా కిన్నెర బుర్రకు తాకించాడు.

దీంతో మా స్క్రిప్టు కూడా మారింది. తల్లి గడప దగ్గర నిలబడే షాటు కాగితం మీద నాలుగు సెకన్లు ఉండేది. ఇప్పుడు పిలుపు కొస చెలక దాకా అందేవరకు ఉంటుంది, పదకొండు సెకన్లు. కీబోర్డు బాణీ పూర్తిగా పక్కకు తప్పుకుంది. ఇసుర్రాయి, అవ్వ గొంతు, కిన్నెర. మిగిలినదంతా ఆ ఇంటి మౌనం. తల్లి పాత్రకు ఒక రంగస్థల నటి ఒప్పుకున్నారు. ఇసుర్రాయి తిప్పడం నేర్చుకోవడానికి ఆమె అవ్వ దగ్గరికే వెళ్లివస్తున్నారు. మొదటి రోజు కందుల కన్నా మాటలే ఎక్కువ విసిరారట!

2016లో భాషా సాంస్కృతిక శాఖ రవీంద్రభారతిలో 'సినివారం' పేరుతో శనివారాల్లో కుర్రాళ్ల చిన్న సినిమాలు వేయడం మొదలుపెట్టినప్పుడు నేనూ వెళ్లి చూసేవాణ్ని. కథ బాగుంటే చప్పట్లు, ఫొటోగ్రఫీ బాగుంటే ఈలలు. మా సినిమా ఎక్కడ వేసినా, ఆ పదకొండు సెకన్లలో హాలులో ఉన్నవాళ్లకు వినిపించేది ఒక తీగ నాదం. దాని వెనక ఒక పేరుందని వాళ్లకు తెలియదు. తెలియనక్కర్లేదు.

షూటింగ్ ఎప్పుడని అవ్వను అడిగాం, ఆమె వీలు చూసుకోవాలి కదా! "ఈసారి కందులు ఇంటికి రానియ్యి" అంది. చేనులో కంది పూత మీదుంది.